తెడ్లు ఆగినప్పుడు

పడవలో తెడ్లు వేసే మనిషి వెళ్తున్న వైపు చూడడు, వదిలి వచ్చిన వైపు చూస్తాడు. వెనక చెక్క మీద కూర్చున్నవాళ్ల ముఖం పొద్దస్తమానం అతని కళ్లెదుటే ఉంటుంది. ఆ శరదృతువులో సైమి కళ్లెదుట ఉన్నది వాళ్ల నాన్న తౌనో ముఖం.

నిజం చెప్పాలంటే సైమి తెడ్లు పట్టుకున్నది ఆ ముఖం కోసమే. చేపల సంగతి ఆ తర్వాత.

ఇంట్లో తౌనో మాట్లాడడం తక్కువ. కోత మిల్లు నుంచి వచ్చి, బట్టల మీది రంపపు పొట్టు దులుపుకుని, ఉప్పు ఇటివ్వమనో పొయ్యిలో కట్టె వెయ్యమనో అంటాడు. ఆ తర్వాత పేపరు అడ్డం పెట్టుకుంటాడు. గోడ గడియారం ఇంతకంటే ఎక్కువ కబుర్లు చెబుతుందని అమ్మ లెంపి నవ్వేది. సైమిది కూడా నాన్న పోలికే. బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు. కొట్లో మనుషులు ఎక్కువగా ఉంటే బయటే నిలబడి, వాళ్లు వెళ్లాక లోపలికి వెళ్లేది. ఇద్దరు మాట్లాడనివాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటుంటే కత్తుల చప్పుడు ఒక్కటే వినపడేది.

కానీ పడవెక్కి, రెల్లు దాటి, ఒడ్డు మీది ఇళ్లు అగ్గిపెట్టెలంత అయ్యేసరికి నాన్న వేరే మనిషయ్యేవాడు. చిన్నప్పుడు తను చీకటంటే ఎంత భయపడేవాడో, ఆవిరి గది నుంచి ఇంటిదాకా కళ్లు మూసుకుని ఎలా పరిగెత్తేవాడో చెప్పేవాడు. అమ్మని మొదటిసారి పాల కేంద్రం దగ్గర చూసి, ఏం మాట్లాడాలో తెలియక, పాలు ఎన్ని రకాలని అడిగాడట. ఇవన్నీ సైమి అంతకుముందు ఎవరి నోటా వినలేదు. రెండు గాలం కర్రలు చెరో పక్కన ఆనించి, వాటి కొసల మీద కన్నుంచి, ఎవరితోనో అన్నట్టు ఆయన చెప్పుకుపోతుంటే, ఆమె తెడ్లు లాగుతూ వినేది. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

తెడ్ల దగ్గరి ఆ చోటు మొదట్లో ఆమెది కాదు, పెదనాన్న ఓస్కరిది. కుర్రతనం నుంచీ అన్నదమ్ములిద్దరిదీ ఒకే పడవ. అన్న తెడ్లు వేసేవాడు, తమ్ముడు గాలం పట్టేవాడు. ఎప్పుడో అడవిలో దుంగ దొర్లి ఓస్కరి కుడి భుజం దెబ్బతింది. ఏటికేడూ అది మొండికేస్తూ వచ్చి, చివరికి ఈ వేసవిలో పట్నం ఆసుపత్రిలో కోసి కుట్టారు. చెయ్యి ఛాతీకి కట్టేసి, మంచు కరిగే వరకూ బరువేదీ ఎత్తొద్దన్నారు. దాంతో సైమికి పిలుపొచ్చింది.

తౌనో పైకి ఏమీ అనలేదు కానీ, ఒక రకంగా ఊపిరి పీల్చుకున్నాడని అందరికీ తెలుసు. ఎందుకంటే ఓస్కరి తెడ్లు వేసే తీరు ఊళ్లో పెద్ద వేళాకోళం. నాలుగు లాగులు లాగి ఆగిపోయేవాడు. మళ్లీ ఒక గుంజు గుంజి, రెండు లాగి, ఆగిపోయేవాడు. "సమంగా వెయ్యి అన్నయ్యా, పడవ తాగినవాడిలా నడుస్తోంది," అని తౌనో తిట్టే తిట్లు నీటి మీద అవతలి ఒడ్డుదాకా వినపడేవి.

సైమి మాత్రం సమంగా వేసేది. మొదటి రోజే నాన్న చెప్పాడు, మిషన్ కుట్టినట్టు ఉండాలని. ఆమె అలాగే వేసింది. రెల్లు దాటిన దగ్గర్నుంచి మళ్లీ రెల్లు వచ్చేదాకా ఒక్క లాగు తప్పేది కాదు.

సెప్టెంబరు అంతా అయిపోయినా ఒక్క పెద్ద పైక్ చేప కూడా పడలేదు.

రెల్లులో ఉండే పైక్‌లు వేరు. బద్దలాంటి ఆకుపచ్చ చేపలు, గాలం వేస్తే పిల్లకాయలకి కూడా పడతాయి. వాటిని తౌనో చేపల్లో జమ కట్టడు. ఆయనకి కావలసినవి సరస్సు నడిమధ్య, అడుగు అందని చోట తిరిగేవి. ఆ నడిమి నీళ్లని అక్కడివాళ్లు సెల్కా అంటారు. అక్కడ రాయి లేదు, నాచు లేదు, గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేదు. అంత నీటిలో ఒక చేపని ఎలా వెతకాలో తౌనో కూతురికి ఓపిగ్గా చెప్పాడు. సెల్కా మీద వేలెడు పొడుగు ముయిక్కు చేపలు మందలు మందలుగా తిరుగుతాయి. శరదృతువులో గుడ్లు పెట్టబోయే ముందు ఆ మందలు చిక్కబడతాయి. నల్లమెడ పక్షులు ఎక్కడ మునిగి తేలుతుంటే అక్కడ మంద ఉన్నట్టు. మంద వెనకాలే, గొర్రెల వెనక తోడేలు తిరిగినట్టు, పెద్ద పైక్ తిరుగుతుంది. అది మంద కింద నీడలా నిలబడి పైకి చూస్తుంది.

"దాని కళ్లు నెత్తిన ఉంటాయి," అన్నాడు. "కడుపు కింద ఏముందో దానికి తెలీదు. అందుకే లోతు చేప అని చెప్పి గాలం అడుక్కి దించేవాడు తెలివితక్కువవాడు. దాని నెత్తి మీదుగా పోనివ్వాలి."

అందుకే ఆయన దారానికి బారకొక రంగు నూలు కట్టుకున్నాడు. సీసపు గుండు, దాని వెనక పైక్ పళ్లకి తెగని ఉక్కు తీగ, దాని చివర తను స్వయంగా కొట్టి వంచిన గరిటె ఆకారపు ఇత్తడి రేకు. ఎర్ర నూలు వచ్చేదాకా వదిలితే మంద మధ్యలో నడుస్తుంది. ఇందులో ఏదీ తప్పు కాదు. ఇలాగే ఇన్నేళ్లూ పట్టారు. పడవల కొట్టం గోడకి వరసగా మేకులు కొట్టి ఉన్న ఎండిన పైక్ తలలే అందుకు సాక్ష్యం. నోళ్లు తెరుచుకుని, పళ్లు బయటపెట్టి, ఎండకి బూడిదరంగు తిరిగిన తలలు. చేపని పట్టినవాడే ఆ మేకు కొట్టాలన్నది ఆ ఊరి పద్ధతి. ఆ గోడ మీది మేకులన్నీ తౌనో కొట్టినవే.

అక్టోబరు మొదట్లో ఒక ఆదివారం పక్కింటి కాలెవ తన మోటారు పడవలో వాళ్ల పక్కనుంచి వెళ్తూ ఆగాడు. కాలెవ దగ్గర నీటి కింద ఏముందో తెర మీద చూపించే యంత్రం ఉంది. దాని గురించి మాట్లాడకుండా అతను నిద్రపోలేడు.

"తౌనో, మీ కింద చేపలు కుప్పలుగా ఉన్నాయోయ్. నా తెర నిండా అవే. పలకరించి అయినా వెళ్లు."

"తెరలోంచి తీసి వండుకో," అన్నాడు తౌనో.

కాలెవ నవ్వి, తెరలోవి తనకీ పడటం లేదని ఒప్పుకున్నాడు. తర్వాత సైమి చేతుల వైపు చూసి, పిల్లని ఎందుకు కష్టపెడతావని అడిగాడు. తన పాత చిన్న మోటారు కొట్టంలో ఊరికే పడి ఉందని, కావాలంటే వచ్చే వసంతంలో బిగించుకోమని చెప్పి వెళ్లిపోయాడు. తౌనో ఎడమ కర్ర దారం కొంచెం చుట్టి మళ్లీ వదిలాడు. తర్వాత ఈసారి సైమికి కాకుండా నీళ్లకే చెబుతున్నట్టు, మోటారు అలసిపోదు కదా అన్నాడు. పడవలు ఒడ్డెక్కించే రోజులోపు సెల్కా నుంచి ఏమీ రాకపోతే ఆ మోటారు తెచ్చుకోవడమే మంచిదన్నాడు. ఒంటరిగా వెళ్లొచ్చు, ఎవరినీ ఇబ్బంది పెట్టక్కర్లేదు.

నాకు ఇబ్బంది లేదు నాన్నా అని సైమి లోపల ఎన్నిసార్లు అనుకుందో. నోటిదాకా వచ్చిన మాట పళ్ల వెనక ఆగిపోయింది. పడవలు ఒడ్డెక్కించేది రాబోయే శనివారం. ఊరంతా కలిసి ఒక్క రోజే అన్ని పడవలూ లాగుతారు. ఆ తర్వాత సరస్సు గడ్డకడుతుంది. వసంతానికి మోటారు వస్తుంది. నాన్న ఒక్కడే సెల్కా మీదికి వెళ్లి, ఆ కబుర్లన్నీ మోటారుకి చెప్పుకుంటాడు. ఆమెకి మిగిలేది ఉప్పు ఇటివ్వమనే మాట ఒక్కటే.

ఆ వారం మధ్యలో అమ్మ ఇచ్చిన రొట్టెలు పట్టుకుని సైమి పెదనాన్న ఇంటికి వెళ్లింది. ఓస్కరి కిటికీ దగ్గర ఊగే కుర్చీలో ఉన్నాడు. ఒక చెయ్యి చొక్కా లోపల కట్టేసి ఉంది. ఖాళీ చొక్కా చెయ్యి వేలాడుతోంది. పెద్దమ్మ హిల్యా ఉన్ని ఉండ చుట్టుకుంటోంది. ఆవిడ మోకాళ్ల దగ్గర బూడిదరంగు పిల్లికూన నక్కి కూర్చుంది.

"రా తల్లీ. ఒంటిరెక్క కోడి ఎలా ఉందో చూడ్డానికొచ్చావా," అన్నాడు ఓస్కరి. "చేపలు పడుతున్నాయా?"

సైమి తల అడ్డంగా ఊపింది.

"మీ నాన్న తిడుతున్నాడా?"

దానికీ అడ్డంగానే ఊపింది.

"మరదే. తిట్టకపోతే ఎలా పడతాయి? నన్ను తిట్టినప్పుడల్లా పడేవి." ఓస్కరి కుర్చీని కాలితో ఒక తోపు తోసి నవ్వాడు. "నాలుగు లాగులు లాగేసరికి ఈ భుజంలో ఎవరో మేకు దిగేసినట్టుండేది. తెడ్లు ఎత్తి పట్టుకుని ఊపిరి తీసుకునేవాణ్ణి. మీ నాన్న ఇక నోరు తెరిచేవాడు. సరిగ్గా అప్పుడే కర్ర వంగేది. తిట్టు మింగేసి చేప మీద పడేవాడు. చేపలే నన్ను కాపాడేవి అమ్మాయ్. లేకపోతే ఆ తిట్లకి ఎప్పుడో నీళ్లలో దూకేవాణ్ణి."

హిల్యా పెద్దమ్మ ఇది వెయ్యిసార్లు విన్న కథలా కనుబొమ్మలు ఎగరేసి, ఉన్ని లాగుతూనే ఉంది. దారం నేల మీద సమంగా పాకుతోంది. పిల్లికూన దాన్ని చూస్తోంది, కదలడం లేదు. ఇంతలో పొయ్యి మీద కాఫీ పొంగబోయిందని పెద్దమ్మ చెయ్యి ఆపి అటు తిరిగింది. దారం వదులై నేల మీద పడింది. పిల్లి వెనక కాళ్లు వణికాయి. పెద్దమ్మ మళ్లీ లాగిందో లేదో, కూన దాని మీదికి దూకి పళ్లతో పట్టేసింది.

సైమి కాఫీ తాగింది. రొట్టె తిన్నది. ఏం తిన్నదో ఆమెకి తెలియలేదు. ఇంటికి వెళ్లే దారిలో పళ్లు రాలిన రోవన్ చెట్ల కింద ఆగి, లేని తెడ్లు పట్టుకుని నాలుగు లాగులు లాగి ఆగింది. అప్పుడు ఇత్తడి రేకు ఏం చేస్తుంది? సమంగా లాగితే తళతళలాడుతూ నిటారుగా ముందుకు పోతుంది. పడవ ఆగితే సీసం కిందికి లాగుతుంది, రేకు అటూ ఇటూ తూలుతూ, దెబ్బతిన్న ముయిక్కులా మందలోంచి కిందికి జారుతుంది. కింద పైకి చూస్తూ ఒకటి నిలబడి ఉంటుంది. మళ్లీ గుంజితే ఆ రేకు దాని ముక్కు ముందునుంచి పైకి పారిపోతుంది.

సైకిల్ మీద ఎవరో వస్తుంటే చేతులు దించేసుకుని గబగబా నడిచింది.

ఈ మాట నాన్నకి చెప్పాలని గురువారం అనుకుంది. బల్ల దగ్గర నోరు తెరిచి, ఉప్పు ఇటివ్వమంది. ఉప్పు ఆమె ముందే ఉంది.

శుక్రవారం మిల్లు త్వరగా వదిలారు. ఆ ఏడాదికి అదే చివరిసారి అనుకుంటూ ఇద్దరూ పడవెక్కారు. ఆకాశం కిందికి దిగి సరస్సుని తాకుతున్నట్టుంది. సెల్కా మీద చిన్న చిన్న అలలు, వాటి మధ్య రెండు నల్లమెడ పక్షులు. తౌనో రెండు దారాలూ ఎర్ర నూలు దాకా వదిలాడు. ఆవేళ ఆయన కబుర్లేమీ చెప్పలేదు. అప్పుడే మోటారు పక్కన కూర్చున్నట్టు ఉన్నాడు.

సైమి నాలుగు లాగులు లాగి తెడ్లు ఎత్తింది. వాటి అంచుల నుంచి నీళ్లు కారాయి. పడవ కొంచెం దూరం జారి నెమ్మదించింది.

"ఏమైంది?" అన్నాడు తౌనో.

ఏమీ లేదని తల ఊపి గట్టిగా ఒక గుంజు గుంజింది. రెండు లాగింది. మళ్లీ ఎత్తింది.

"అలసిపోయావా?"

అవునన్నట్టు తల దించుకుంది. అబద్ధం ఆడినందుకు చెవులు వేడెక్కాయి. ఇంటికి పోదామా అని ఆయన అడిగాడు. వద్దంది. అయితే సరిగ్గా వెయ్యమన్నాడు. ఆమె మళ్లీ అలాగే వేసింది. ఆయన పెదవులు బిగించి చూశాడు. అది ఓస్కరి పెదనాన్నకి దక్కే చూపు. ఇన్నాళ్లలో మొదటిసారి ఆమెకి దక్కింది. పక్షులు మునిగిన చోటు దాటారు. ఏమీ లేదు. తిరిగి అదే చోటుకి వచ్చారు. ఏమీ లేదు. ఇక సమంగా వేసేద్దాం, చివరి రోజైనా నాన్న ముఖం మామూలుగా ఉంటుంది అనుకుంటూనే, ఇంకొక్కసారి అని తెడ్లు ఎత్తి పట్టుకుంది.

"సైమీ, ఇలా ఆగితే..." అంటూ తౌనో నోరు తెరిచాడు.

ఎడమ పక్క కర్ర కొస నీళ్లకి వంగింది. రీలు కీచుమంది.

ఆ తర్వాత ఏది ముందో ఏది వెనకో సైమికి సరిగ్గా గుర్తు లేదు. రెండో కర్ర దారం చుట్టేయమని నాన్న అన్నాడు, చుట్టేసింది. చేప ఉన్న వైపే పడవ వెనకభాగం తిప్పి ఉంచమన్నాడు, తిప్పింది. రెల్లులో చేపయితే ఏ నాచులోకో దూరి తెంచుకుంటుంది. సెల్కాలో దాక్కోవడానికి ఏమీ లేదు, అందుకని అది నేరుగా కిందికి పోయింది. నాన్న దారం చుట్టేవాడు, అది లాక్కునేది. ఇద్దరిలో ఎవరూ తొందరపడలేదు. చాలాసేపటికి నీటి కింద వెలుతురులాంటిదేదో మెల్లగా తిరిగింది. అది పైకి వచ్చాక చూస్తే పొలంలో ఎండిన గడ్డి రంగు, వీపు వెడల్పు, పొట్ట ముయిక్కులతో ఉబ్బి ఉంది. రెల్లులో బద్దలకీ దీనికీ చుట్టరికం ఉన్నట్టే అనిపించదు. తౌనో వలబుట్ట దాని కిందికి పోనిచ్చి, రెండు చేతులతో ఎత్తి పడవలో వేశాడు. కర్రతో తల మీద ఒకే దెబ్బ కొట్టాడు. చచ్చిన చేప దగ్గర ఎప్పుడూ చేసినట్టే టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

ఒడ్డుకి వచ్చేటప్పుడు ఆయన మాటలు ఆగలేదు. చోటు సరైనదేనని, లోతు సరైనదేనని, ఓపిక పట్టామని, అంతేనని అన్నాడు. మోటారు కాలెవ దగ్గరే తుప్పు పట్టనీ అన్నాడు.

"ఇక నా తెడ్లు నీవే. మంచి చేతులు. ఎంత సమంగా వేస్తావు నువ్వు. చివర్లో కాస్త అలసిపోయావు, అంతేగా."

సైమికి ఏం వినాలని ఉందో అదే వింది. ఇక ఆమె చెయ్యవలసింది ఒక్కటే, నోరు మూసుకుని ఉండడం. ప్రపంచంలో అది ఆమెకి వచ్చినంత బాగా ఎవరికీ రాదు. నిజం చెబితే నాన్నకి కావలసింది పెదనాన్నే అవుతాడు. వసంతానికి ఆ భుజం నయమవుతుంది. ఆమె మళ్లీ ఒడ్డు మీద నిలబడుతుంది. పైగా ఒక మనిషిని ఇన్నేళ్లు ఊరికే తిట్టావని నాన్న ముఖం మీద ఎలా చెప్పడం?

కొట్టం వెనక చేపని కోసి, తల వేరుచేసి, తౌనో లోపలినుంచి సుత్తి, పొడుగు మేకు తెచ్చాడు. గోడకి ఆ చివర ఖాళీ ఉంది. ఆయన సుత్తి ఆమె చేతికిచ్చాడు.

"నువ్వు కొట్టు. మొదటిది కదా."

సుత్తి పిడి నాన్న చెయ్యి తగిలి నున్నగా ఉంది. సైమి దాన్ని పట్టుకుని గోడ వైపు చూసింది. నోళ్లు తెరిచిన తలలు ఆమె వైపు చూస్తున్నాయి. పెదనాన్న ఒక్కసారైనా ఈ సుత్తి పట్టుకున్నాడా అని ఆలోచించింది. ఊగే కుర్చీలో ఆయన తన కష్టాన్నే నవ్వులాటగా చెప్పుకోవడం గుర్తొచ్చింది.

"ఇది నాది కాదు నాన్నా," అంది.

పట్టింది నేనే అయినా నువ్వు కొట్టొచ్చు, నేనే ఇస్తున్నాగా అన్నాడాయన.

"నీదీ కాదు. పెదనాన్నది. నేను అలసిపోలేదు. పెదనాన్న ఎలా వేసేవాడో అలా వేశాను."

అని, ఇక ఆగితే మళ్లీ మాట రాదని తెలిసి, ఒకే ఊపిరిలో అంతా చెప్పేసింది. ఉన్ని దారం, పిల్లికూన, భుజంలో మేకు, మందలోంచి తూలుతూ పడే ఇత్తడి రేకు. చెబుతున్నంతసేపూ సుత్తి వైపే చూసింది. నేల మీద నిలబడి ఆమె నాన్నతో అన్ని మాటలు ఎప్పుడూ ఆడలేదు.

తౌనో మొదట కాదన్నాడు. చేప ఎప్పుడు పడాలో అప్పుడే పడుతుందన్నాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లాడు. ఒక తల ముందు ఆగాడు. దీవి పక్కన పడింది ఇది, అన్నాడు. అప్పుడు ఓస్కరి ముక్కు చీదుకోవడానికి ఆగాడు. ఇంకో తల దగ్గరికి జరిగాడు. ఇది పడ్డప్పుడు అన్నయ్యకి భుజం పట్టేసిందన్నాడు, తను కేకలేశాడు. దాని పక్కది పడ్డప్పుడు ఓస్కరి పొగాకు గొట్టం వెలిగించుకుంటున్నాడట. ఆ పక్కదాని దగ్గర నిలబడ్డాడు. వేలితో దాని పన్ను ముట్టుకున్నాడు. అలా గోడ చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి, కూతురి చేతిలోంచి సుత్తి తీసుకుని, చేప తలని బకెట్లో వేసుకున్నాడు.

"పద," అన్నాడు.

ఓస్కరి ఇంటి మెట్ల మీద ఇద్దరూ బూట్లు తుడుచుకున్నారు. లోపలికి రాగానే తౌనో బకెట్ నేల మీద పెట్టి, సుత్తి అన్న ముందుకి చాపాడు. ఓస్కరి బకెట్లోకి తొంగి చూసి ఈల వేశాడు. తర్వాత సుత్తి చూసి, తమ్ముడి ముఖం చూసి, నవ్వడం మానేశాడు.

"ఇదేమిటిరా?"

"నీది," అన్నాడు తౌనో. "గోడ మీదివి చాలా నీవే. పిల్ల కనిపెట్టింది. నువ్వు ఆగినప్పుడే పడ్డాయి."

ఓస్కరి కూర్చున్న కుర్చీ ఊగడం ఆగిపోయింది. హిల్యా పెద్దమ్మ చేతిలో అల్లిక సూదులు ఆగిపోయాయి. ఓస్కరి సైమి వైపు చూశాడు. సైమి తలుపు గడియ వైపు చూసింది.

కొట్టం దగ్గరికి అందరూ కలిసి వచ్చారు. ఓస్కరికి పనికొచ్చేది ఎడమ చెయ్యి ఒక్కటే. తౌనో మేకు పట్టుకున్నాడు, ఓస్కరి కొట్టాడు. రెండో దెబ్బ తమ్ముడి బొటనవేలికి తగిలింది.

"ఇన్నేళ్ల తిట్లకి ఇది వడ్డీ," అన్నాడు ఓస్కరి.

"మేకు వంకరగా పోయింది అన్నయ్యా."

"తిట్టరా తిట్టు. ఇప్పుడు ఇంకోటి పడుతుంది."

ఆ సాయంత్రం పాలు, బంగాళాదుంపలు వేసి చేప చారు కాచారు. వసంతం రాగానే తెడ్లు మళ్లీ అన్నయ్య చేతికే అని తౌనో అన్నాడు. సైమి గిన్నెలోకి చూసి తల ఊపింది. ఇలా అవుతుందని ఆమెకి ముందే తెలుసు. తెలిసినా చెంచాతో ఒకే బంగాళాదుంప ముక్కని గిన్నెలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

అయితే ఓస్కరి ఒప్పుకోలేదు. ఈ భుజం వసంతానికి చెంచా పట్టగలిగితే చాలన్నాడు. అన్నేళ్లు తిట్టినవాడే ఇప్పుడు తెడ్లు వెయ్యాలి, తను వెనక చెక్క మీద కూర్చుని తిడతాడట. ఆ సుఖం కోసం వసంతం దాకా ఆగలేనన్నాడు. రేపు పడవలు లాగేలోపు పొద్దున్నే ఒకసారి పోయొద్దామన్నాడు. పిల్ల కూడా రావాలి, పిల్లే కదా గురువు.

అలా శనివారం పొద్దున ముగ్గురూ పడవెక్కారు. తౌనో తెడ్ల దగ్గర, ఓస్కరి ఆయనకి ఎదురుగా వెనక చెక్క మీద, సైమి ముందు మొనలో. ఆ చోటునుంచి నాన్న వీపు కనపడుతుంది, ముఖం కనపడదు. పాత కోటు మీద కుట్టు ఊడిన చోటు, టోపీ కింద నెరిసిన జుట్టు. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. చాలా రోజుల తర్వాత అరచేతులకి పని లేదు.

తౌనోకి ఆగడం చేతకాలేదు. మిల్లులో రంపంలా సమంగా లాగుతూనే ఉన్నాడు. ఆగరా అని ఓస్కరి అరిస్తే ఆగేవాడు, వెంటనే మళ్లీ అందుకునేవాడు. ఊపిరి తీసుకోరా, ముక్కు చీదుకోరా, ఏదో ఒకటి చెయ్యరా అని ఓస్కరి తిట్లు అందుకున్నాడు. అవతలి ఒడ్డున పడవలు లాగడానికి వచ్చినవాళ్లు వినే ఉంటారు. నల్లమెడ పక్షులు రాత్రికి రాత్రే దక్షిణానికి వెళ్లిపోయినట్టున్నాయి. సెల్కా మీద ఏ గుర్తూ లేదు. నీళ్లు, నీళ్ల మీద పొగమంచు.

అలా పోతూ పోతూ తౌనో తెడ్లు ఎత్తాడు. ఓస్కరి ఆగమనలేదు. ఆయనంతట ఆయనే ఆగాడు. చెక్క మీద నడుము తిప్పి, వెనక్కి, ముందు మొనలో ఉన్న కూతురి వైపు చూశాడు. తెడ్ల నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. పడవ తన ఊపు మీద తనే జారుతోంది.

"సైమీ," అన్నాడు. "ఆ పిల్లికూన..."

రీలు కీచుమంది. ఓస్కరి ఒంటిచేత్తో కర్ర పట్టుకుని తమ్ముణ్ణీ తననీ ఒకేసారి తిట్టుకున్నాడు. తౌనో ఉలిక్కిపడి అటు తిరిగాడు.

అది పెద్ద చేప కాదు. గోడకెక్కేంత తల కాదని ఇద్దరూ ఒప్పుకుని దాన్ని వదిలేశారు. తర్వాత ఒడ్డుకి వచ్చి, అందరితో కలిసి పడవలు లాగి, బోర్లా తిప్పి, తెడ్లు కొట్టంలో పెట్టి తాళం వేశారు. సాయంత్రానికి రెల్లు అంచున సన్నని మంచు పొర కట్టింది.

ఇంట్లో దీపం కింద అమ్మ రొట్టె కోస్తోంది. తౌనో కాఫీ పోసుకుని, పేపరు తీసుకుని, మళ్లీ పక్కన పెట్టాడు.

"పొద్దున అడుగుదామనుకున్నా," అన్నాడు. "ఆ పిల్లికూనని చూసి నీకు ఎలా తట్టింది? మొదట్నుంచీ చెప్పు."

లెంపి కత్తి రొట్టెలోనే వదిలి ఇద్దరి వైపూ చూసింది. సైమి కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది. బల్ల అవతల నాన్న ముఖం సరిగ్గా ఎదురుగా ఉంది.

"పెద్దమ్మ ఉన్ని చుట్టుకుంటోంది," అని మొదలుపెట్టింది.